అహోబిలమున కూర్చిన ఆట బగ్గీ

బగ్గీ యన్నంతనే మన పెద్దలకు గుఱ్ఱపు బండి జ్ఞప్తికి వచ్చును. మేమిప్పుడు వ్రాయబోవు బగ్గీకి గుఱ్ఱము లేదు. లోపల కూర్చుండువారును లేరు. మూరెడు పొడవైనను లేని, సుమారు ఒకటిన్నర కిలో బరువు గల చిన్న కారిది. దూరమున నిలుచున్న మనిషి చేతిలోని రిమోటు చెప్పినట్లు గుంటలు, మిట్టలు దాటుచు పరుగెత్తును. తాళము త్రిప్పి నేలపై వదలెడి బొమ్మవంటిదిగా దీనిని తలపరాదు. పందెములకై చేయబడిన బగ్గీ పెట్టెలో ముక్కలు ముక్కలుగా వచ్చును. కొన్నవారే దానిని కూర్చుకొనవలెను. కూర్చిన పిమ్మట పరుగెత్తవలసిన నేలకు తగినట్లు దిద్దుకొనవలెను. ఈ రెండు పనులును మన స్త్రీల చేతులకు ఎంత దగ్గఱివో గడచిన సంక్రాంతికి అహోబిలములో మేము కన్నులార చూచితిమి. ఆ సంగతిని, ఆ పని వివరమును సోదరీమణులకు తెలుపుటకే ఈ వ్యాసము.

ఎవరికై కొంటిమి? ఎవరికి దక్కినది?

అహోబిలము నంద్యాల జిల్లాలో, ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమల కొండల అడుగున నున్న క్షేత్రము. 2022వ సంవత్సరము ఏప్రిలు నెల వఱకు ఇది కర్నూలు జిల్లాలోనిది. దిగువ కోవెలనుండి ఎగువ కోవెలకు సుమారు 8 కిలోమీటర్లు. అంతవఱకు మంచి బాటయే. నవనారసింహులలో నొకడైన పావన నరసింహుని సన్నిధికి పోవు దారి మాత్రము అడవిలోని రాళ్ల బాట. నడువలేని యాత్రికులను అచ్చటికి జీపులలో తీసికొనిపోవుదురు. ఆ జీపులో ఒక్కసారి కూర్చున్నవారు దాని కుదుపును మఱవజాలరు. మా బావగారు ఇరువది యేండ్లుగా అట్టి జీపు నడుపుచున్నారు. మా అక్కగారి కాపురము దిగువ అహోబిలములోనే.

మా అక్కగారికి ఇద్దఱు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, పదవ తరగతి. చిన్నవాడు పదునొకండేండ్ల బాలుడు. ఈ బగ్గీని మేము కొన్నది పిల్లవాని కొఱకు. వాడు ఫోనులో ఇట్టి పందెములను చూచి రెండేండ్లుగా అడుగుచుండెను. కిట్టు, మోటారు, రిమోటు, బ్యాటరీ, ఛార్జరు అన్నియు కలిపి రెండు మూడు కుట్టుమిషనుల ఖరీదైనది. మా ఇంటివారు సణిగిరి, మేమును సందేహింపకపోలేదు. అయినను మాట యిచ్చితిమి గనుక తెచ్చితిమి.

కనుమనాడు అహోబిలమున పారువేట ఉత్సవము మొదలగును. స్వామి పల్లకీ నలువది దినములకు పైగా ముప్పదికి మించిన పల్లెలు తిరిగి వచ్చును. ఆ జనసందడి ముగిసిన మఱునాడు పెట్టె తెఱచితిమి. మొదటి సంచి విప్పి పది మరమేకులు బిగించులోపలనే పిల్లవాని ఓపిక తీఱిపోయెను. వానికి కావలసినది పరుగెత్తు బండి; ముక్కల బండి కాదు. వాడు గాలిపటము తీసికొని మేడమీదికి పోయెను. అరిసెల డబ్బా సర్దుచున్న అమ్మాయి వచ్చి మా ప్రక్కన కూర్చుండెను. మాట లేక మాన్యువలు పుస్తకమును ముందుకు లాగికొనెను. అటుపిమ్మట మూడు దినములు ఆ పీట వదలి లేవలేదు.

ఇచ్చట ఒక సంగతి చెప్పవలసియున్నది. ఈ పిల్ల పాలిసెట్ పరీక్ష వ్రాసి పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదువవలెనని కోరుచున్నది. బావగారికది సమ్మతము కాదు. "ఆడపిల్లకు ఈ మడ్డినూనె పనులెందుకమ్మా? కంప్యూటరో నర్సింగో చదివితే నీడపట్టున ఉంటాది" అని మాతోడ రెండుమార్లు అనిరి. ఆయన చెడ్డవారు కారు. జీపు క్రింద పండుకొని నడుము పట్టించుకొన్నవారు గనుక ఆ కష్టము బిడ్డకు వలదనుకొనిరి. అక్కగారు ఇద్దఱి నడుమ నలుగుచుండెను.

ఈ విద్య ఎచ్చటినుండి వచ్చినది?

తీగ లేక దూరమునుండి యంత్రమును నడుపుట నిన్న మొన్నటి యూహ కాదు. 1895లో ఆచార్య జగదీశచంద్ర బోసు కలకత్తాలో రేడియో తరంగములచే దూరపు గంటను మ్రోగించి, తుపాకిమందును ప్రేల్చి చూపెను. 1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరమున ఒక తొట్టిలోని చిన్న పడవను తీగ లేకయే త్రిప్పి చూపఱులను నివ్వెఱపఱచెను. నేటి ఆట బగ్గీకి ఆ పడవయే ముత్తవ్వ.

రేడియో కార్లను ఇంటింటి వస్తువులుగా చేసినవారిలో జపానువారు ముఖ్యులు. షిజువోకా నగరపు టామియా కంపెనీవారు 1976లో తమ మొదటి విద్యుత్ రేడియో కారును, 1979లో ఇసుకలోను మట్టిలోను పరుగెత్తు బగ్గీలను అమ్మకమునకు తెచ్చిరి. 1984లో అమెరికావారి ఆర్‌సీ10 అను బగ్గీ వచ్చినది. పందెములకే పుట్టిన బండి యని దానికి పేరు. మఱుసటి యేడు, 1985లో, కాలిఫోర్నియాలోని డెల్‌మార్‌లో ఈ తరగతి బగ్గీలకు మొదటి ప్రపంచ పోటీలు జరిగినవి. జపాను యువకుడు మసామి హిరోసాకా చిన్నతనముననే ఈ రంగమున దిగి మొత్తము 14 ప్రపంచ విజయములు గడించెను. అతని బండిని సిద్ధము చేయుచు పందెపు బాట ప్రక్కన నిలిచినవాడు అతని తండ్రియే.

పని మొదలు

ఈ పనికి కావలసిన పనిముట్లు కొన్నియే. ఒకటిన్నర, రెండు, రెండున్నర మిల్లీమీటర్ల ఆఱు పలకల స్క్రూడ్రైవర్లు, చిన్న పానాలు రెండు, కత్తెర, పట్టుకారు, ఒక తెల్లని తువాలు. తువాలు ఎందుకనగా, దానిపై పడిన మరమేకు దొర్లిపోదు, కంటికిని కనబడును. కిట్టులోని సంచులకు వరుస గుర్తులుండును. ఒక సంచి పని ముగియక రెండవది విప్పరాదు. పోపుల పెట్టెలో దినుసులు కలసిపోయిన యెడల ఏమగునో మనకు చెప్పనక్కఱలేదు. మేము కాఫీ గిన్నెలలో మరమేకులను పొడవునుబట్టి వేఱుచేసితిమి.

ప్లాస్టిక్కులోనికి బిగించు మరమేకులు ఆనినంతనే ఆపవలెను. ఇంకను త్రిప్పినచో మర చెడును, ముక్క పోవును. లోహమునకు లోహము బిగించుచోట మాత్రము మర పట్టుకొనుటకై ఒక చుక్క జిగురుమందు పెట్టుదురు. లేకున్న బండి అదరుటకు మరమేకులు తమంత తామే ఊడివచ్చును. "చిన్నమ్మా, సీసా మూత బిగించినట్లే గదా? పట్టుకున్నాక నొక్కితే పగులుతాది" అని అమ్మాయి అనెను. ఏటేటా ఊరగాయ జాడీలు మూసిన చేయి అది.

రెండు చక్రములు, రెండు దూరములు

వెనుక ఇరుసు నడుమ డిఫరెన్షియలు అను పండ్లచక్రముల డబ్బా యుండును. దాని యవసరము ఎడ్లబండిని తలచుకొన్న తెలియును. బండి మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము నడువవలెను. ఎడ్లబండి చక్రములు ఇరుసుపై దేనికదియే తిరుగును గనుక చిక్కు లేదు. కాని మోటారు బండిలో రెండు చక్రములను ఒకే మోటారు త్రోయవలెను. త్రోయుచునే వేఱు వేఱు వేగములతో తిరుగనీయవలెను. డబ్బాలోని చిన్న పండ్లచక్రములు చేయు పని యిదియే.

పందెపు బగ్గీలో ఈ డబ్బాను చిక్కని సిలికాన్ నూనెతో నింపుదురు. నూనె పలుచనైనచో, మలుపులో తేలిపోయిన చక్రమునకే బలమంతయు పోయి అది ఊరక తిరుగును. మిక్కిలి చిక్కనైనచో రెండు చక్రములు కట్టివేసినట్లగును. బండి మలుపు తిరుగక ముందుకే పోవును. మేము పోసిన నూనె నీటికన్న అయిదువేల రెట్లు చిక్కనిది. పండ్లచక్రములు మునుగునంతవఱకే పోసి, బుడగలు పైకి తేలుదాక గడియసేపు విడిచి, పిమ్మట మూత బిగించితిమి. అంచువఱకు నింపినచో, వేడికి నూనె ఉబ్బి కాఱిపోవును.

మోటారు ఇరుసునకు చిన్న పండ్లచక్రము, దాని ప్రక్క పెద్ద పండ్లచక్రము. మా బండిలో చిన్నదానికి 20 పండ్లు, పెద్దదానికి 80. లోపలి డబ్బా లెక్క కూడ కలిపిన, మోటారు 10.4 చుట్లు తిరిగినచో చక్రమొక్క చుట్టు తిరుగును. వెనుక టైరు చుట్టుకొలత సుమారు 26 సెంటీమీటర్లు. అనగా మోటారు ఒక్క చుట్టునకు బండి అంగుళము నడచునన్నమాట. ఈ లెక్కను అమ్మాయి కాగితముపై కట్టి తమ్మునికి చూపెను. రెండు చక్రముల పండ్ల నడుమ సందు సరిచూచుటకు ఒక పలుచని కాగితపు ముక్కను వానినడుమ పెట్టి, మోటారును దగ్గఱకు నొక్కి బిగించి, పిమ్మట కాగితమును లాగివేయవలెను. ఆ కాగితమంత సందు చాలును. సందు లేకున్న మోటారు కాగిపోవును. ఎక్కువైన పండ్లు విఱుగును.

స్ప్రింగు చేయు పని, నూనె చేయు పని

చక్రమునకొక షాకబ్జార్బరు చొప్పున నాలుగుండును. పైన స్ప్రింగు, లోపల నూనె గొట్టము, గొట్టములో కన్నములుగల బిళ్ల. స్ప్రింగు కుదుపును మ్రింగి దాచుకొనును. కాని దాచినదానిని వెంటనే తిరిగి యిచ్చివేయును. స్ప్రింగు మాత్రమే యున్న బండి ఒక గుంటకు పదిమార్లు ఎగురును. బిళ్ల కన్నములగుండ నూనె కష్టముమీద దూఱుటచే ఆ యెగురుట వేడిగా మాఱి అణగిపోవును. ఇంతే రహస్యము.

వీనిలో నూనె నింపుట ఈ కూర్పులోకెల్ల ఓపిక పని. గొట్టము నిండ పోసి, కమ్మిని మెల్లగా పైకిని క్రిందికిని ఆడించి, బుడగలన్నియు తేలువఱకు నిలిపి, మఱల కొంచెము పోసి, మూత పెట్టునపుడు మిగిలిన గాలిని వెలికి నొక్కవలెను. ఒక్క బుడగ చిక్కినను ఆ చక్రము మెత్తబడును. కుడి యెడమలు ఒక్కతీరుగ లేకున్న బండి వంకరగా దుముకును. అమ్మాయి రెండింటిని రెండు చేతులతో ఒకేసారి నొక్కి చూచి, ఒకటి వదులుగా నున్నదని విప్పి మఱల నింపెను. ఎండకు నూనె పలుచబడును గనుక వేసవిలో కొంత చిక్కని నూనె మార్చుకొనుట పందెగాండ్ర వాడుక. మన నంద్యాల సీమ యెండలకు ఇది మఱువరాని మాట.

ముందు చక్రములను త్రిప్పు కమ్ములు ఏటవాలుగా నుండుటకును కారణము గలదు. మలుపులో లోపలి చక్రము వెలుపలిదానికన్న ఎక్కువ తిరుగవలెను. ఈ యేర్పాటునకు 1818లో లండనున హక్కు పొందిన ఆకర్‌మన్ పేరు నేటికిని నిలిచియున్నది. పెద్ద కారులోను, మా చిన్న బగ్గీలోను సూత్రమొక్కటియే.

విద్యుత్తుతో జాగ్రత్త

బండిలో రిసీవరు రిమోటు మాట వినును; సర్వో అను చిన్న పెట్టె ముందు చక్రములను త్రిప్పును; వేగమును నియమించు పెట్టె వేఱొకటి మోటారునకు విద్యుత్తును కొలిచి యిచ్చును. పూర్వము ఇద్దఱు ఒకే వరుస తరంగమున ఆడినచో ఒకరి బండి మఱియొకరి మాట వినెడిది. నేటి రిమోటు తన రిసీవరుతో ముందే జత కుదుర్చుకొనును గనుక ఆ చిక్కు తీఱినది. రిమోటును ముందుగా వెలిగించి, అన్నిటికన్న చివర ఆర్పవలెను. తరంగము తెగినచో బండి తనంత తాను ఆగునట్లు ఏర్పాటు చేసికొని, చక్రములు నేలకు తగులకుండ ఎత్తి పరీక్షింపవలెను. సర్వోను నడిమికి తెచ్చిన తరువాతనే దాని చేయి బిగింపవలెను.

ఇంటివారెల్లరు తప్పక తెలిసికొనవలసినది బ్యాటరీ సంగతి. ఇందు వాడునది లిథియం పాలిమరు బ్యాటరీ. రెండు అఱలు; మొత్తము 7.4 వోల్టులు. నిండినపుడు 8.4. అఱ యొక్కటికి 3 వోల్టులకన్న దిగనీయరాదు. వారముల తరబడి వాడనపుడు అఱకు 3.8 వోల్టులుంచి దాచవలెను. దీనికి తగిన ఛార్జరుతోనే, రెండు అఱలను సరితూచు తీగ తగిలించియే, మనిషి దగ్గఱ నుండగనే ఛార్జి పెట్టవలెను. పఱుపుమీదను, తెరల చెంతను, గ్యాసుపొయ్యి గదిలోను పెట్టరాదు, గచ్చునేలపై పెట్టవలెను. ఉబ్బిన బ్యాటరీని మఱల ముట్టరాదు. అది అంటుకొన్నచో ఆర్పుట కష్టము.

మేమే యొక తప్పు చేసితిమి. రెండవనాటి రాత్రి బ్యాటరీని బండినుండి విప్పక నిదురపోతిమి. తెల్లవాఱునప్పటికి అది అడుగంటి కొంచెము ఉబ్బియుండెను. కొత్త బ్యాటరీ యని మనసు పీకినను, దానిని ఇసుక పోసిన కుండలో పెట్టి పెరటిలో దూరముగా నుంచితిమి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ప్రకారము ఇట్టివానిని చెత్తలో వేయరాదు, కాల్చరాదు, సేకరణ చేయువారికి అందజేయవలెను. కర్నూలు పోవునపుడు మేమట్లే చేసితిమి. రెండవ బ్యాటరీ యుండబట్టి ఆట నిలిచినది.

నేలకు తగిన దిద్దుబాటు

టైర్లను చక్రములకు అంటించు జిగురు ఘాటైనది. కిటికీలు తెఱచి, కన్నులకు దూరముగా పట్టుకొని అంటించితిమి. ఇక దిద్దుబాటు. బండి అడుగు నేలనుండి ఎంత యెత్తున నుండవలెను, చక్రములు లోపలికి ఎంత వాలవలెను, వెనుక చక్రముల ముక్కులు లోపలికి ఎంత చూడవలెను అనునవి ముఖ్యములు. మా పుస్తకము చెప్పిన యెత్తు 22 మిల్లీమీటర్లు. చక్రముల వాలు ఒక డిగ్రీ. వెనుక ముక్కులు 3 డిగ్రీలు. వాలు మార్చుటకు ఒక కొన కుడి మర, రెండవ కొన ఎడమ మర గల కమ్మిని త్రిప్పిన చాలును. విప్పనక్కఱ లేకయే కమ్మి పొడవగును లేదా పొట్టియగును. అమ్మాయి తన జామెట్రీ పెట్టెలోని మూలమట్టముతో ఈ కొలతలన్నియు తీసి ఒక నోటుపుస్తకమున వ్రాసికొనెను.

అడవిలో ఇట్టి ఆటలు తగవు. అది మృగములకును, చెంచులకును నెలవు. బాటలపైనను తగవు, గంటకు 40 కిలోమీటర్లకు మించి పరుగెత్తు ఒకటిన్నర కిలో బరువు కాలికి తగిలినచో ఎముక విఱుగును. ఊరి వెలుపల కోత కోసిన చేను ఒకటి చుట్టమువారిది దొరకినది. అచ్చట మట్టితో చిన్న దిబ్బ వేసితిమి. పిల్లవాడు గాలిపటము మాని పరుగున వచ్చెను. రిమోటు వానికే యిచ్చితిమి.

మొదటి చుట్టు చక్కగానే సాగినది. దిబ్బమీదినుండి ఎగిరినపుడు మాత్రము బండి వెనుకభాగము నేలకు దభాలున కొట్టుకొని, ముక్కుమీద పల్టీ కొట్టెను. మఱల ఎగిరించిరి, మఱల అంతే. అమ్మాయి వెనుక నూనె చిక్కనిది మార్చెను, ఫలము లేదు. స్ప్రింగు మార్చెను, కొంత నయమాయెను గాని గుంటలలో చక్రములు నేల విడిచి తేలసాగినవి. పిల్లవాడు విసిగి "అక్క సరిగా బిగించలేదు" అనెను. అమ్మాయి కన్నులలో నీరు తిరిగెను. మేమును పుస్తకము తిరుగవేసితిమి గాని తోచలేదు.

అప్పుడే బావగారు యాత్రికులను దింపి జీపుతో ఆ దారిని వచ్చుచు ఆగిరి. మాటాడక రెండు దుముకులు చూచిరి. పిమ్మట బండిని చేతికెత్తుకొని వెనుకభాగమును రెండు వ్రేళ్లతో నొక్కి, అమ్మాయిని పిలిచి, "ఎత్తు కొలిచినప్పుడు బ్యాటరీ ఉండిందా లోపల?" అని అడిగిరి.

"లేదు నాయనా. ఛార్జికి పెట్టింటిమి."

"మనుషులు ఎక్కకముందు జీపు ఎత్తు చూసి ఏం లాభమమ్మా? జనం ఎక్కినాక చూడల్ల. కమాను కట్టలు బరువుతోనే మాట్లాడతాయి."

అమ్మాయి అచ్చటనే చేనిగట్టున ఒక బల్లచెక్క పఱచి, బ్యాటరీ పెట్టి కొలిచెను. వెనుక యెత్తు 18 మిల్లీమీటర్లే యుండెను. నాలుగు మిల్లీమీటర్లు తక్కువ. షాకబ్జార్బరు దిగుటకు చోటు చాలక అడుగు నేలకు తగులుచున్నది; అందుచేతనే పల్టీ. నూనెలో తప్పు లేదు, స్ప్రింగులో తప్పు లేదు, బిగింపులోను తప్పు లేదు. తప్పు కొలిచిన వేళలో నున్నది. మొదటి స్ప్రింగును, మొదటి నూనెను తిరిగి వేసి, స్ప్రింగు పైనున్న కట్టును రెండు ప్రక్కలను సమముగా త్రిప్పి 22కు తెచ్చెను. బండి దిబ్బ నెగిరి నాలుగు చక్రములపై వ్రాలి సాగిపోయెను. పిల్లవాడు కేక వేసెను. బావగారు చిఱునవ్వు నవ్విరి. గాలిలో నున్నపుడు ముక్కు క్రిందికి వాలినచో కొంచెము వేగమిచ్చినయెడల ముక్కు లేచుననియు, బ్రేకు వేసిన వాలుననియు వారు ముగ్గురును కలసి కనిపెట్టిరి. తిరుగు చక్రముల బలము బండిని ఎదురు దిక్కునకు త్రిప్పుటయే దీనికి కారణము.

ఆ రాత్రి అమ్మాయి నోటుపుస్తకమున ఇట్లు వ్రాసెను: ఒకసారి ఒక్కటియే మార్చవలెను, మార్చినది వ్రాసికొనవలెను, ముందు కొలత సరిచూడవలెను. తాను నూనెను, స్ప్రింగును వెంటవెంట మార్చుటచే అసలు తప్పు దాగిపోయినదని ఆమెయే గ్రహించెను.

బావగారితో మేమన్న మాట

భోజనమైన పిదప బావగారితో మేము అయ్యలసోమయాజుల లలితగారి కథ చెప్పితిమి. ఆమె మన తెలుగు వనిత, 1919లో జన్మించెను. పదునైదవ యేట పెండ్లి. పదునెనిమిదవ యేట వైధవ్యము. చంకలో నాలుగు నెలల బిడ్డ. తండ్రి పప్పు సుబ్బారావుగారు మదరాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఆచార్యులు. ఆయన బిడ్డను ఇంట కూర్చుండబెట్టక అదే కాలేజీలో విద్యుత్ శాఖలో చేర్పించిరి. 1943లో ఆమె పట్టము పొంది, భారతదేశమున మొదటి మహిళా ఇంజనీర్లలో ఒకరాయెను. తరువాత కలకత్తాలో ఉద్యోగించి, భాక్రా నంగల్ విద్యుత్ పనులలో పాలుగొని, 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల మొదటి అంతర్జాతీయ సమావేశమునకు పోయెను. ఎనుబదియేండ్ల నాడు ఒక తండ్రి చేయగలిగినదానిని నేడు మనము చేయలేమా యని అడిగితిమి.

మఱియు, ఈ చిన్న బగ్గీకి పెద్దక్క వంటి మనిషి యెక్కు బగ్గీని కాలేజీ విద్యార్థులే కూర్చి నడుపు పోటీలు మనదేశమున 2007నుండి బాజా పేరుతో జరుగుచున్నవనియు, అందు కావలసిన లెక్కలన్నియు ఈ మూడు దినములలో అమ్మాయి చేసినవానికి పెద్ద రూపములే యనియు చెప్పితిమి.

బావగారు చాలసేపు మాటాడలేదు. "ఆయన ఆచార్యులు గదమ్మా. నేను డ్రైవరును" అనిరి. అక్కగారు గిన్నెలు సర్దుచునే, "ఈ పొద్దు చేనులో ఆచార్యులు మీరే గదా" అనెను. ఆ మాటకు ఆయన బదులు చెప్పలేదు. కోపగింపనునులేదు.

మఱునాటి వేకువను మేము బయలుదేరునప్పటికి జీపు పెరటిలో జాకీపై లేచియుండెను. ముందు ప్రక్క కమాను కట్టలో ఒక పట్టీ విఱిగినదట. బావగారు క్రింద నుండిరి. అమ్మాయి బయట చతికిలబడి, ఆయన చేయి చాచినపుడెల్ల అడుగకముందే తగిన పానా అందించుచుండెను. "పాలిసెట్ రాయనీ, చూద్దాం" అని ఆయన జీపు క్రిందినుండియే అక్కగారితో అనిరి. అంతకు మించి ఏమియు నిశ్చయము కాలేదు.

సోదరీమణులకు మనవి

ఈ ఆట ఖరీదైనది. అందఱు కొనవలెనని మేము చెప్పబోము. పాత టేబులు ఫ్యానును, పాడైన మిక్సీని విప్పి చూచినను పండ్లచక్రములు, బేరింగులు, మోటారు తెలియును. తీగ గోడనుండి పీకిన పిమ్మటనే విప్పవలెనన్నది మాత్రము మఱవరాదు. కాని ఇంటికి ఇట్టి వస్తువేదైనను వచ్చినపుడు, అది మగపిల్లవాని పేర వచ్చినదైనను, ఆడపిల్లను వంటింటినుండి ఒక గంటసేపు పిలిచి పీట వేయుడు. పని ఎవరి చేతికి కుదురునో పెట్టె తెఱచినగాని తెలియదు. తండ్రులున్నచో వారినిగూడ పిలువుడు. వారి చేతనున్న విద్య పుస్తకములో దొరకదు.

అమ్మాయి మొన్న మాకొక జాబు వ్రాసినది. తమ్ముడిప్పుడు బండిని దిబ్బపై పల్టీ లేక ఎగిరించుచున్నాడట. విఱిగిన ముందు కమ్మిని వాడే మార్చినాడట. పాలిసెట్ పుస్తకములు నంద్యాలనుండి నాయనయే తెచ్చెనట. జాబు పైభాగమున, తేదీ ప్రక్కగా, ఎఱ్ఱ సిరాతో ఒక గీటు గీచి వ్రాసినది: "బ్యాటరీతో సహా 22."